గడియారం అప్పజెప్పిన బీపీ

మొన్న ఉగాదికి మనవరాలు గచ్చిబౌలి నుంచి వస్తూ వస్తూ ఒక గడియారం తెచ్చి నా మణికట్టుకు తొడిగింది. "తాతా, ఇగ నీ బీపీ మిషన్ అటక మీద పెట్టెయ్. అంతా ఇదే చూస్తది" అంది. షాలిబండలో మా పాతింటి అరుగు మీద కూర్చుని వేలితో తాకాను. అడుగున ఆకుపచ్చ వెలుగు మిణుకుమంది. అర నిమిషంలో 148 మీద 88 అని చూపించింది. పట్టీ కట్టుకుని చూస్తే మిషనూ 147 అంది.

పిల్ల చప్పట్లు కొట్టింది. నేను కొట్టలేదు. పది నిమిషాల కిందటే నా దండచేతికి పట్టీ కట్టి, మూడుసార్లు బీపీ చూసి, ఆ అంకెలన్నీ గడియారానికి తినిపించింది తనే. దాన్ని కాలిబ్రేషన్ అంటారట. నెలకోసారి అట్లా తినిపించాలట. ఇప్పుడే చెప్పిన పాఠం ఇప్పుడే అప్పజెబితే అది చదువా, చిలకపలుకా?

పట్టీ చేసే పని వేరు. గాలితో ఉబ్బి దండలోని ధమనిని నొక్కి మూసేస్తుంది. ఎంత నొక్కితే నెత్తురు ఆగింది, ఎంత వదిలితే మళ్లీ పారింది అని చూస్తుంది. బలానికి ఎదురు బలం పెట్టి తూచడం అది, మన తక్కెడ లెక్కే. 1896లో ఇటలీ డాక్టరు రివా-రొచ్చి ఆ పట్టీని తెచ్చాడు. 1905లో రష్యా సర్జన్ కొరొట్కోఫ్ దాని కింద స్టెతస్కోప్ ఆనించి చప్పుళ్లు వినడం నేర్పాడు. గడియారం దేన్నీ నొక్కదు, తూచదు. చర్మంలోకి వెలుగు పంపి, ఎంత తిరిగొచ్చిందో చూస్తుంది. గుండె కొట్టినప్పుడల్లా నెత్తురు అల వచ్చి కాస్త ఎక్కువ వెలుగును మింగుతుంది. పోటు పెరిగి రక్తనాళం బిగుసుకుంటే అల తొందరగా పరుగెత్తుతుంది, దాని ఆకారమూ మారుతుంది. ఆ పోకడ చూసి గడియారం పోటు ఊహిస్తుంది. బేగంబజార్‌లో హమాలీ నడక చూసి, నెత్తి మీది బస్తా ఎన్ని కిలోలో చెప్పినట్టు. అనుభవం ఉన్నవాడు దగ్గరదగ్గరగా చెబుతాడు, కాదనను. కానీ హమాలీ కాలికి ముల్లు గుచ్చుకుని కుంటుతుంటే?

అలాంటి ముళ్లు మన ఒంట్లో బోలెడు. ఒకటి ఇప్పుడే చూడండి. చెయ్యి కిందికి వేలాడదీయండి, అరచేతి వెనకవైపు సిరలు ఉబ్బుతాయి. మెల్లగా పైకి ఎత్తండి, గుండె ఎత్తు దాటేసరికి అణిగిపోతాయి. నెత్తురుకూ బరువుంది మరి. మణికట్టు గుండెకు పది సెంటీమీటర్లు కిందుంటే అక్కడి పోటు పాదరసం లెక్కలో దాదాపు 8 మిల్లీమీటర్లు ఎక్కువ. అందుకే మణికట్టు దగ్గర ఏది కొలిచినా చెయ్యి ఎక్కడ పెట్టామన్నది ముఖ్యం.

బీపీ కొలిచి తీర్పు చెప్పే ఈ గొడవ మా ఊరికి కొత్తేం కాదు. చార్మినార్‌కు గడియారాలు పెట్టిన 1889లోనే హైదరాబాద్‌లో బీపీ కొలుస్తూ ఒక పెద్ద పరీక్ష జరిగింది. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రికి పెద్ద, ఎడ్వర్డ్ లారీ అనే దొర. క్లోరోఫాం అనే మత్తుమందు గుండెను ఏమీ చెయ్యదు, ఊపిరి ఒక్కటి కనిపెట్టుకుంటే చాలు అన్నది ఆయన పట్టు. లండన్‌లో నమ్మలేదు. ఆరో నిజాం డబ్బిచ్చి, లాన్సెట్ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ అనే పేరున్న డాక్టరును రప్పించాడు. కుక్కలు, కోతులు, ఇంకా ఏవేవో, వందల జంతువులకు మత్తిచ్చారు. కొన్నిటి ధమనిలో గొట్టం పెట్టి పోటు కొలిచారు. మసి పూసిన కాగితం చుట్టిన డోలు తిరుగుతుంటే ముల్లు దాని మీద గీత గీసేది. మన రూపాబాయి ఫర్దూన్‌జీ కూడా ఆ పనిలో ఉంది. ఆడవాళ్లలో మొట్టమొదటి మత్తు డాక్టరుగా ఆమెను చెప్పుకుంటారు. చివరికి, ముందు ఆగేది ఊపిరే, లారీ చెప్పిందే నిజమని ఆ పరీక్షకు వేసిన కమిషన్ తేల్చింది.

గీతల్లో దొంగతనం లేదు. అయినా తీర్పు తప్పింది. 1911లో గుడ్‌మన్ లెవీ అనే డాక్టరు పిల్లుల మీద చూపించాడు: మత్తు తేలిగ్గా ఉన్నప్పుడు, ఒంట్లో అడ్రినలిన్ ఎగదన్నితే గుండె లయ తప్పి ఉన్నట్టుండి ఆగిపోతుంది. ప్రమాదం దాక్కున్న ఆ ఘడియ హైదరాబాద్ గీతలకు చిక్కలేదు.

గడియారాల పరీక్షలోనూ అదే చిక్కు. బీపీ మిషన్లకు అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ వాళ్ల 2018 నాటి పద్ధతి ఉంది. 85 మంది, మనిషికి మూడు జతల కొలతలు, మొత్తం 255. ఒకే స్టెతస్కోప్‌కు రెండు జతల చెవులు, ఇద్దరు వింటారు. ఒకరి అంకె ఇంకొకరు చూడకూడదు. మిషన్‌కూ వాళ్లకూ సగటు తేడా 5 లోపు ఉండాలి. తేడాల చెదురు, అదే పుస్తకాల్లో ప్రామాణిక విచలనం అంటారే, అది 8 లోపు ఉండాలి. ఆ లెక్కన పాసైన మిషన్ కూడా నూరు కొలతల్లో నాలుగైదు సార్లు 16 దాటి తప్పొచ్చు. సరే, అది పట్టీకి పెట్టిన పరీక్ష. జనమంతా కుర్చీలో కదలకుండా కూర్చుంటారు. ముందే అంకెలు తినిపించిన గడియారం ఇక్కడ ఏమీ కొలవకపోయినా, తిన్నది తిన్నట్టు కక్కితే పాసైపోతుంది!

ఈ కిటుకు యూరప్ రక్తపోటు సంఘం వాళ్లు పట్టారు. 2023లో పట్టీ లేని పరికరాలకు ఆరు పరీక్షలు రాశారు. కూర్చున్నప్పుడు సరే, చెయ్యి ఎత్తు మార్చినప్పుడు? వ్యాయామం చేసినప్పుడు? నిద్రలో మామూలుగా బీపీ నూటికి పది ఇరవై పాళ్లు తగ్గుతుంది కదా, అది కనిపెడుతుందా? మందు వేసుకున్నాక తగ్గుదల తెలుస్తుందా? మళ్లీ తినిపించే గడువు దగ్గరపడ్డా గురి నిలుస్తుందా? అంటే బీపీని కదిలించి చూడమంటున్నారు.

నా దగ్గర 85 మంది లేరు, నేనొక్కణ్నే. డాబా మెట్లు మూడుసార్లు ఎక్కి దిగి కూలబడ్డాను. పట్టీలో 171, గడియారంలో 151. "ముసలాయనకు ఇవేం పనులు" అని లోపల్నుంచి మా ఆవిడ. ఆ వారంలోనే డాక్టరు గారు గోలీ మార్చారు. అసలు పరీక్ష అప్పుడు మొదలైంది. రోజూ పొద్దుగాల ఛాయ్ తాగకముందే ఐదు నిమిషాలు నోరు మూసుకుని కూర్చుని, కాళ్లు నేలకు ఆనించి, ముందు గడియారం, తర్వాత పట్టీ చూసి క్యాలెండర్ మీద రాసేవాణ్ని. పట్టీ మెల్లగా దిగింది: 144, 139, 135, 132. గడియారం మాత్రం 147, 146, 148. తిన్నది అరగలేదు దానికి. నెల తిరిగాక పిల్ల వచ్చి మళ్లీ పట్టీ కట్టి 131 తినిపించింది. మరుక్షణం గడియారం 132 అంది, ఏమీ ఎరగనట్టు.

మనవరాలు క్యాలెండర్ అంకెలు రెండుసార్లు చదివింది. గడియారం వైపు చూసింది, మిషన్ వైపు చూసింది. "సరే తాతా, మరి నీ మిషన్ కరెక్టని నీకెవరు చెప్పిన్రు?"

నాకు జవాబు తోచలేదు. దాన్ని కొని తొమ్మిదేళ్లు, ఒక్కసారీ సరిచూపించింది లేదు. మా గల్లీ చివర డాక్టరు గారి దగ్గర ఇంకా పాత పాదరసం మిషన్ ఉంది. సాయంత్రం పట్టీని, డబ్బాను దస్తీలో చుట్టి పిల్ల చేతికిచ్చి, ఇద్దరం అటు బయల్దేరాం.