అడుగులతో ఊరిని గీయుట

ఎత్తైన గోపురమెక్కి చూచిన వానికి ఊరు కనబడును గాని దాని కొలత తెలియదు. దగ్గరి ఇండ్లు పెద్దవిగను, దూరపు ఇండ్లు చిన్నవిగను తోచును. ముందరి మేడ వెనుకనున్న సందును కప్పివేయును. ఐరోపాలో పూర్వపు నగరచిత్రములు పెక్కు ఈ చూపుతోనే గీయబడినవి. సరియైన పటమునకు కంటికంటె కాళ్ళతో పని యెక్కువ. లియోనార్డో డావించి గీచిన ఇమోలా పటము ఇందుకు మంచి నిదర్శనము.

ఇమోలా ఇటలీలో బొలోన్యాకు ఆగ్నేయముననున్న పట్టణము. 1502లో చేజరే బోర్జియా అను సేనాని తన కోటలను పరీక్షించుటకు లియోనార్డోను నియమించి, ఎచ్చటనైనను ఆటంకము లేక తిరిగి కొలుచుకొనుటకు ఆగష్టులో అధికారపత్ర మిచ్చెను. ఆ శరత్కాలముననే బోర్జియా దళపతులు అతనిపై తిరుగబడిరి. అతడు ఇమోలాలో నిలిచియుండెను. ఏ వీధి ఏ ద్వారమునకు చేరునో తెలియుట అప్పుడు ప్రాణావసరము. అట్టి ప్రభువునకు పటము గోడకు వ్రేలాడదీయు అలంకారము కాదు.

లియోనార్డో వీధుల చిత్తుపట మొకటి నేటికిని నిలిచియున్నది. అందు వీధుల ప్రక్కన కొలతల అంకెలు కలవు. ఆ దూరములను అడుగులు లెక్కించి తెలిసికొనెనో, చక్రముతో కొలిచెనో నిశ్చయముగా చెప్పలేము. చక్రము తిరిగినకొలది గుండ్లు పెట్టెలో పడునట్టి బండిని అతడు చిత్రించిన మాట నిజము. పూర్వపటమేదో అతనికి ఆధారమైయుండునని కొందరు పండితుల మతము. దిక్కులకై పటముపై ఒక వృత్తము గీచి, దానిని ఎనిమిది దిక్కులుగను, ఒక్కొక్క దిక్కును మరల ఎనిమిది భాగములుగను విభజించెను. మొత్తము 64 భాగములు. ఒక్కొక్కటి 5⅝ డిగ్రీలు. అందులో సగము తప్పినను 100 మీటర్ల దూరమున స్థానము సుమారు 5 మీటర్లు ప్రక్కకు జరుగును.

అడుగులతో కొలుచువాడు మెల్లగా నడువవలెను. వేగము హెచ్చిన అంగ సాగును, ఎత్తెక్కునప్పుడు కుదియును. అంగకు 2 సెంటీమీటర్ల తేడా వచ్చిన, వేయి అంగలకు 20 మీటర్లు తప్పును. మనదేశపు నయన్ సింగ్ 1866లో లాసా చేరునప్పుడు, మైలుకు 2000 అంగలు పడునట్లు అభ్యసించి, 108 పూసలకు బదులు 100 పూసల జపమాలతో లెక్క నడిపెను. నూరంగలకొక పూస, మాల పూర్తియైన 5 మైళ్ళు. చూచువారికది జపమే!

విద్యార్థులు తమ బడిచుట్టునున్న వీధులను ఇట్లే గీయవచ్చును. మొదట టేపుతో 100 మీటర్లు కొలిచి, నాలుగైదు మారులు నడచి అంగ పొడవు కట్టవలెను. 133 అంగలు పట్టిన, ఒక్కటి దాదాపు 75 సెంటీమీటర్లు. ప్రతి మలుపువద్ద దిక్సూచితో దిక్కును చూచి, చుట్టితిరిగి బయలుదేరిన చోటికే రావలెను. కాగితముపై గీత మాత్రము సాధారణముగా అచ్చటికి చేరదు! ఆ యెడమే పొరపాటు కొలత. దానిని చెరిపివేయక, నడచిన దూరమును బట్టి పంచవలెను. 600 మీటర్ల చుట్టులో 6 మీటర్ల యెడమున్న, 200 మీటర్లవద్దనున్న మలుపును 2 మీటర్లు, 400 వద్దదానిని 4 మీటర్లు ఆ యెడము మూయు దిక్కునకు జరుపవలెను. పొరపాటు అంతయు ఒకే మలుపువద్ద జరిగియున్న ఈ పంపకము దానిని పట్టియీయదు. అప్పుడు మరల నడువవలసినదే.

ఇమోలా పటము ఇప్పుడు ఇంగ్లండులో విండ్సర్ రాజసేకరణలో నున్నది. వెడల్పు సుమారు 60 సెంటీమీటర్లు. ఇండ్లకు గులాబిరంగు, కందకమునకు నీలము పూసి, వీధులను తెల్లగానే విడిచెను.