టేకాకును పురుగు ఎప్పుడు తింటే నష్టం?

మా అల్మాస్‌గూడలో ఒక ఇంటివారు ప్రహరీ గోడ వెంట టేకు మొక్కలు వేసుకున్నారు. మూడేళ్ల మొక్కలు. దసరా ముందు చూద్దును కదా, ఆకులన్నీ జల్లెడలైపోయాయి. ఈనెలు మాత్రం మిగిలి పాత లేసు గుడ్డల్లా వేలాడుతున్నాయి. ఆ ఇల్లాలు "ఇవింకేం బతుకుతాయి వదినా! నరికించేస్తాను, లేదా మందు కొట్టిస్తాను" అంది. రెండూ వద్దన్నాను. ఎందుకో మీకూ చెబుతాను.

ఆకు చెట్టుకు వంటిల్లు. ఎండ, నీరు, గాలి కలిపి అది వండిన తిండే చివరికి కాండంలో కలప అవుతుంది. పెద్ద చెట్టుకు వేళ్లలో, కాండంలో నిల్వ ఉంటుంది కనుక నాలుగు రోజులు వంట లేకపోయినా గడుస్తుంది. లేత మొక్కకు ఆ నిల్వ తక్కువ.

టేకుకు ముఖ్యశత్రువులు రెండు గొంగళి పురుగులు. హైబ్లియా ప్యూరా అనేది లేతాకును మొత్తంగా నమిలేసి, పెద్ద ఈనెలు మాత్రం వదులుతుంది. రెండోది యూటెక్టోనా. ఇది ఈనెల మధ్య పచ్చదనాన్ని గీరి తిని ఆకును వల చేస్తుంది. మా వీధిలో కనిపించింది ఈ రెండోదే.

చూపుకు రెండూ ఒకే ఘోరం. నష్టం మాత్రం ఒకటి కాదు. కేరళ అటవీ పరిశోధన సంస్థవారు నిలంబూరులో, 1840ల్లోనే టేకు తోటలు వేసిన చోట, లేత తోటల్ని ఐదేళ్లు పరీక్షించి 1985లో లెక్క తేల్చారు. హైబ్లియా సోకకుండా కాపాడిన చోట హెక్టారుకు ఏడాదికి 6.7 ఘనపు మీటర్ల కలప పెరిగింది. వదిలేసిన చోట 3.7 మాత్రమే. అంటే రావలసిన కలపలో 44 శాతం పోయింది! ఆకును వల చేసే పురుగు వల్ల మాత్రం చెప్పుకోదగ్గ నష్టం కనిపించలేదు.

ఎందుకంటారా? అంతా వేళలో ఉంది. వేసవిలో మోడైన టేకు, నిల్వ తిండంతా ఖర్చుపెట్టి తొలకరికి చిగురు వేస్తుంది. ఏడాది పెరుగుదలలో ఎక్కువ భాగం అప్పుడే. హైబ్లియా సరిగ్గా ఆ చిగురు మీదే పడుతుంది. మొక్క అడుగంటిన డబ్బా గీరి మళ్లీ చిగురు వేయాలి. ఈలోగా పెరిగే రోజులు కాస్తా పోతాయి. కొస మొగ్గ కూడా పోతే కాండం రెండుగా చీలుతుంది, దూలానికి పనికిరాదు. రెండో పురుగు సాధారణంగా వానాకాలం చివర వస్తుంది. అప్పటికి ఆకు తన వంట చాలావరకు ముగించి, రాలడానికి సిద్ధంగా ఉంటుంది. అదే ఆగస్టులోనే వచ్చి పడితే మాత్రం కొంత పట్టించుకోవాలి.

కాబట్టి దసరాకు మందు కొట్టించడం డబ్బు దండగ. పిల్లలు ఆడుకునే వీధిలో విషం జల్లడం వేరే. మృగశిర దాటి చిగురు వచ్చాక రెండు మూడు రోజులకోసారి ఆకుల్ని తిప్పి చూడండి. హైబ్లియా ఆకు అంచును కత్తిరించి, మడిచి, ఆ మడతలో దాక్కుంటుంది. ఆ మడతల్ని తుంచి సబ్బు నీళ్లలో వేస్తే సరి. గొంగళిగా ఉండేది పది పన్నెండు రోజులే, ఆలస్యమైతే మీకు దొరకదు. పెద్ద తోటలకు ఈ పురుగుకే వచ్చే ఒక వైరస్ రోగాన్ని మందుగా వాడే పద్ధతిని కేరళవారు రూపొందించారు. నాలుగు మొక్కలకు అదంతా ఎందుకు, చేతులు చాలు.

ఊరి బయట టేకు ప్లాట్లు కొన్నవాళ్లు మనలో ఎంతమందో! కాగితాలు చూపించినవారిని, తొలకరిలో ఆకు చూసే మనిషి ఎవరో కూడా అడగండి. కొస విరిగి రెండు మూడు కొమ్మలు లేచిన మొక్కలుంటే, నిటారుగా ఉన్నదొక్కటి ఉంచి తక్కినవి లేతగా ఉండగానే కోయించండి.