ప్రభుత్వ ధనంతో ప్రభుత్వాన్ని ప్రశ్నించవచ్చునా?

ప్యాపిలి మండలంలో మెట్ట చేలు గల రైతుకు కరువు అన్న మాటకు రెండర్థాలున్నవి. ఆకాశం తెచ్చే కరువు ఒకటి. ప్రభుత్వం ఉత్తర్వులో ప్రకటించే కరువు మరొకటి. వేరుశనగ ఊడలు దిగే వేళ వాన ముఖం చాటువేస్తే మొదటిది వచ్చినట్లే. రెండవది రావాలంటే వర్షపాతపు లోటు, వానకూ వానకూ నడుమ ఎడము, విత్తిన విస్తీర్ణం, నేలలోని తేమ, ఉపగ్రహం చూపే పచ్చదనం, ఇన్ని లెక్కలు కలిసిరావాలి. 2016లో కేంద్రప్రభుత్వం సవరించిన కరువు నిర్వహణ సూత్రాలు ఈ విధంగానే నిర్దేశించినవి.

ఇందులో ఒక చిక్కున్నది. లెక్క వేసేది ప్రభుత్వమే. లెక్క తేలితే సాయం చెల్లించవలసినదీ ప్రభుత్వమే. అధికారుల నిజాయితీని నేను శంకించడం లేదు. తూకం వేసేవాడే వెల ఇచ్చేవాడైనప్పుడు, త్రాసు సరిగా ఉన్నదో లేదో చెప్పగల మూడవ మనిషి ఉండడం ఇరువురికీ మేలు. స్వతంత్ర విధాన పరిశోధన సంస్థ నిలువవలసిన చోటు అది. ఒక పథకం ఎవరికి చేరినది, ఎక్కడ ఆగిపోయినది, అదే సొమ్ము మరొక తీరున వ్యయం చేస్తే ఫలితం హెచ్చేదా అన్నవి దాని ప్రశ్నలు.

తెలుగునాట ఇందుకు తగిన ఉదాహరణ హైదరాబాదు బేగంపేటలోని ఆర్థిక, సామాజిక అధ్యయన కేంద్రం. అది ఉన్నది పాత నిజామియా వేధశాల ఆవరణలో. నక్షత్రాలను లెక్కించిన చోటనే ఇప్పుడు నేలమీది లెక్కలు చూస్తున్నారన్నమాట. 1980లో స్వయంప్రతిపత్తి గల సంస్థగా వెలసినది. 1986లో భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి దానిని జాతీయ సంస్థగా గుర్తించినది. 2007 సంవత్సరపు ఆంధ్రప్రదేశ్ మానవాభివృద్ధి నివేదికను రాష్ట్రప్రభుత్వం కోసం సిద్ధపరచినది ఈ కేంద్రమే. జిల్లాలను పక్కపక్కన నిలబెట్టి వెనుకబాటును చూపే అటువంటి గ్రంథం ఏ ప్రభుత్వానికీ పూర్తిగా రుచించదు. అయినా అచ్చయినది.

ఈ కేంద్రానికి ఒకప్పుడు అధ్యక్షులుగా ఉన్న ఆచార్య సి.హెచ్. హనుమంతరావుగారి పేరు కరువు సీమవారు గుర్తుంచుకోదగినది. కరువు ప్రాంతాల కార్యక్రమాన్ని సమీక్షించడానికి కేంద్రప్రభుత్వం నియమించిన సంఘానికి ఆయన నాయకత్వం వహించారు. నిధులు పలుచగా చల్లబడుతున్నవనీ, శాఖలు దేనికది పనిచేస్తున్నవనీ ఆ సంఘం 1994లో తేల్చినది. వాననీరు పారే ప్రాంతాన్ని ఒక్కటిగా తీసుకొని, గ్రామస్థుల చేతనే పని జరిపించాలన్నది. 1995 ఏప్రిల్ నుండి వాటర్‌షెడ్ పథకాలు ఆ మార్గాన నడిచినవి. సంఘం ప్రభుత్వానిదే కావచ్చును. ఆ విధంగా ఆలోచించగల పండితులు తయారు కావడానికి మాత్రం ఇటువంటి కేంద్రాలు కావాలి.

ఇక పోషణ. ఈ కోవకు చెందిన సంస్థల జీతాలకూ గ్రంథాలయానికీ పరిశోధన మండలి, రాష్ట్రప్రభుత్వం కలిసి గ్రాంటు ఇచ్చే ఏర్పాటున్నది. తక్కినది ఒక్కొక్క అధ్యయనం నిమిత్తం శాఖల నుండి, విదేశీ సంస్థల నుండి వచ్చే సొమ్ము. ఈ రెండింటికీ చాలా భేదమున్నది. అధ్యయనానికి ధనమిచ్చేవారు జవాబును కొనకపోయినా ప్రశ్నను కొంటారు. ప్యాపిలి చుట్టుపట్ల ఎన్ని బోర్లు ఎండినవి, వాటి అప్పు ఎవరు తీర్చారు అని తెలుసుకోగోరే దాత దొరకడం అరుదు. అటువంటి ప్రశ్నలు బ్రతికేది షరతులు లేని గ్రాంటు మీదనే.

ఒకే సంచిని నమ్ముకొన్నా ప్రమాదమే. ఢిల్లీలో 1973లో స్థాపించిన విధాన పరిశోధన కేంద్రానికి విదేశీ విరాళాలు పెద్ద ఆధారం. 2023లో ఆ అనుమతిని ప్రభుత్వం నిలిపివేసి, 2024 జనవరిలో రద్దు చేసినది. నిధుల వినియోగంలో నియమాలు తప్పారని ప్రభుత్వ పక్షం. తప్పలేదని సంస్థ పక్షం. వాదం ఎట్లున్నా, జీతాలు లేక పరిశోధకులు అనేకులు వెళ్లిపోయారు.

పాలనలో చూడవలసినది పాలకమండలిలో ప్రభుత్వ ప్రతినిధులున్నారా అన్నది కాదు. గ్రాంటు ఇచ్చేచోట వారుండడం సహజమే. సంచాలకుని నియమించేది ఎవరు? గడువు తీరకముందే తొలగించగలరా? ధనమిచ్చినవారి పేర్లు, తనిఖీ అయిన లెక్కలు ఏటేటా ప్రకటిస్తున్నారా? వీటికన్న ముఖ్యంగా నేను చూచేది ఒప్పందపత్రంలో ఒక్క వాక్యం: నివేదికను అచ్చువేయడానికి ధనమిచ్చినవారి అనుమతి కావాలని అందులో ఉన్నదా, లేదా?