ఏ వయసు చేతికి ఏ రంగు గాజు?

చార్మినార్ నుంచి పడమటి వైపు తిరిగితే లాడ్ బజార్. రెండు పక్కలా గాజుల దుకాణాలే. కౌంటరు మీద చీర కొంగు పరిచి, దానికి నప్పే రంగు దొరికేదాకా డబ్బాల మీద డబ్బాలు తీయించడం ఇక్కడ మామూలే. "టూ ఫోరా, టూ సిక్సా?" అని దుకాణదారు అడిగేది సైజు గురించే. రంగు సంగతి చీర చూసుకుంటుంది. లక్కను బొగ్గుల వేడి మీద మెత్తబరిచి, రంగు కలిపి, కడ్డీలా సాగదీసి, గుండ్రంగా వంచి, గట్టిపడకముందే రాళ్లు పొదుగుతారు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

ఈ ఊళ్లోనే 1879లో పుట్టిన సరోజినీ నాయుడు గాజుల రంగును వయసుతో జత చేసింది. 1912లో లండన్‌లో అచ్చయిన ‘ది బర్డ్ ఆఫ్ టైమ్’లో ‘బ్యాంగిల్ సెల్లర్స్’ అనే కవిత ఉంది. ఆ పుస్తకానికి ముందుమాట రాసిన ఎడ్మండ్ గాస్, ఇంగ్లండు పిట్టల్ని వదిలేసి నీ దేశం గురించి రాయమని ఆమెకు చిన్న వయసులోనే చెప్పిన విమర్శకుడు. ఆమె కళ్లెదుట ఉన్న దేశమంటే ముందు హైదరాబాదే. కవితలో లాడ్ బజార్ పేరు లేదు. గుడి తిరునాళ్లకు గాజులు మోసుకెళ్లేవాళ్లు అందులో మాట్లాడతారు.

కన్నెపిల్ల చేతికి వాళ్లిచ్చేవి వెండి, నీలం గాజులు. కొండ మీది మంచులా ఇంకా రూపు కట్టని రంగులవి. మొగ్గల ఎరుపూ, లేత చిగుళ్ల నిగారింపూ వాటికి తోడు. పెళ్లికూతురి దగ్గరికి వచ్చేసరికి రంగులు ముదురుతాయి: ఎండలో పండిన చేని పసుపు, పెళ్లి హోమం మంట ఎరుపు. పసుపు కుంకుమలను సౌభాగ్యంగా చూసే తెలుగింటికి ఈ రెండు రంగులూ ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. సీమంతంలో తొడిగే ఆకుపచ్చ గాజులకు మాత్రం ఈ కవితలో చోటు లేదు. సగం జీవితం నడిచి, బిడ్డల్ని పెంచి, భర్త పక్కన పూజకు కూర్చునే ఇల్లాలికి ఊదా గాజులు, బంగారు చుక్కల బూడిదరంగు గాజులు. అన్నిటిలోకీ అందమైన ఊహ ఇదే. నడివయసు స్త్రీకంటూ ఒక రంగు ఎంచి, దాని మీద బంగారం చల్లిన కవులు అరుదు.

ఆ వరుస అక్కడితో ఆగిపోతుంది. భర్త పోయిన స్త్రీ ఆ తిరునాళ్లలో కనిపించదు.

ఆమె అదే పుస్తకంలో మరో చోట ఉంది. ‘డర్జ్’ అనే విలాపగీతంలో మెరిసే గాజులు పగలగొట్టమని, మంగళసూత్రం తెంచమని, అందెలు విప్పమని, నీలి మేలిముసుగు తీసేయమని గొంతులు వినిపిస్తాయి. కన్నెచేతికి నీలాన్ని తొడిగిన పుస్తకమే విధవ ఒంటి మీంచి నీలాన్ని ఒలిచేస్తుంది. హైదరాబాద్ బజార్ల మీది కవితలోనూ పూలమ్మే పిల్లలు పెళ్లికొడుకు నుదుటికి కిరీటం కడుతూనే, చనిపోయినవాళ్ల మీద కప్పడానికి తెల్లపూల దుప్పటి అల్లుతుంటారు. ఆ పుస్తకంలో రంగుల్ని సంబరంగా మాత్రమే చదివితే సగమే చదివినట్టు. పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కువగా ఎక్కింది గాజులవాళ్ల కవితే. విలాపగీతాన్ని కూడా దాని పక్కనే అచ్చువేయాలి. పెళ్లినాడు ఎవరు తొడుగుతారన్నది ఒక పాఠమైతే, తర్వాత ఎవరు పగలగొడతారన్నది రెండోది. రెండూ తెలిస్తేనే పిల్లలకు ఆ ఎరుపు విలువ అర్థమవుతుంది.

విధవల బతుకు సరోజినికి దూరపు విషయం కాదు. 1898 డిసెంబరులో మద్రాసులో ముత్యాల గోవిందరాజులు నాయుడితో ఆమె కులాంతర వివాహం జరిగింది. జరిపించింది కందుకూరి వీరేశలింగం. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం చేయించి, ఊరు వెలేస్తామన్నా వెనక్కి తగ్గని మనిషి ఆయన. తీసేసిన గాజుల్ని తిరిగి తొడిగించినవాడు సరోజిని పెళ్లికి పెద్దగా నిలబడ్డాడు. ఆ తర్వాత పద్నాలుగేళ్లకు గాజుల కవితా, విలాపగీతమూ ఒకే అట్టల మధ్య వెలువడ్డాయి.