కార్యాలయంలో సెల్‌ఫోను వ్యసనం – నేత్ర రక్షణ
ఆదోని పత్తి మార్కెట్ గుమాస్తాలు, ఎమ్మిగనూరు బ్యాంకు ఉద్యోగులు కళ్ళమంట, మెడనొప్పి, నిద్రలేమితో నా వద్దకు వచ్చుచుందురు. "ఆఫీసు నెట్‌లో వాట్సాప్ రాదు స్వామీ, సొంత డేటాతో చూస్తాం" అందురు.

2019లో ఖమ్మం నగరపాలక సంస్థలో పనివేళల టిక్‌టాక్ వీడియోలు తీసిన ఉద్యోగులపై చర్య తీసుకొనిరి. 2020 జూన్ 29న కేంద్రం ఆ యాప్‌నే నిషేధించగా, చూపు మరో యాప్‌కు మళ్ళినది.

అతి సమీపమైన వస్తువులను చూచుట నేత్రాలకు మిథ్యాయోగమని చరకుని మతం. అహితం నుండి మనస్సును నిగ్రహించలేకపోవుట ధృతిభ్రంశం; అదియే ఈ వ్యాధికి మూలం.

కావున పనివేళ ఫోనును సొరుగులో ఉంచి, భోజన విరామంలోనే చూడవలెను. ఇరవై నిమిషాలకొకసారి దూరపు చెట్టుపై దృష్టి నిలుపవలెను. నిద్రకు గంట ముందే ఫోను మాని, అరికాళ్ళకు నువ్వులనూనె మర్దించుకొనవలెను. చూపు మసకబారినచో కంటివైద్యుని వెంటనే సంప్రదించవలెను.