పన్నెండు సెకన్ల ప్రయాణం: రైట్ సోదరుల ఫ్లయర్

1903 డిసెంబరులో అమెరికాలో రెండు విమానాలను పరీక్షించారు. శామ్యూల్ లాంగ్లీ నిర్మించిన విమానానికి 52 అశ్వసామర్థ్యం గల ఇంజన్ ఉంది. డిసెంబరు 8న అది ఎగరబోతూనే విరిగి పొటోమాక్ నదిలో పడిపోయింది. తొమ్మిది రోజుల తరువాత రైట్ సోదరుల 'ఫ్లయర్' కేవలం 12 అశ్వసామర్థ్యంతో ఎగిరింది. ఇది ఎలా సాధ్యమైంది?

విల్బర్, ఆర్విల్ రైట్‌లకు ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌లో సైకిళ్ల దుకాణం ఉండేది. 1901లో వారు నడిపిన గ్లైడర్‌కు, అప్పటి పట్టికల ప్రకారం లెక్కకట్టినంత లిఫ్ట్, అంటే రెక్కను పైకి లేపే బలం, రాలేదు. దాంతో ఆరడుగుల చెక్కపెట్టెకు ఫ్యాను అమర్చి విండ్ టన్నెల్ తయారుచేశారు. సుమారు 200 రెక్కల నమూనాలను అందులో పరీక్షించి, సొంత పట్టికలు రూపొందించుకున్నారు. ప్రొపెల్లర్ కూడా గుండ్రంగా తిరిగే రెక్కే అని గ్రహించి, ఆ కొలతలతోనే దానిని మలిచారు. చిన్న ఇంజన్ సరిపోవడానికి ఇదే ముఖ్యకారణం.

ఇక రెండవ విషయం అదుపు. విమానం గాలిలో మూడు విధాలుగా కదులుతుంది. ముక్కు పైకీ కిందికీ వంగుతుంది. కుడి ఎడమలకు తిరుగుతుంది. మొత్తం విమానం ఒక పక్కకు ఒరుగుతుంది. ఫ్లయర్‌లో మొదటిదానికి ముందువైపు ఎలివేటర్, రెండవదానికి వెనుక చుక్కాని ఉండేవి. మూడవదానికి రెక్కల చివరలనే తీగలతో లాగి మెలితిప్పేవారు. బోర్లా పడుకున్న పైలట్ నడుమును పక్కకు జరిపితే చాలు. 1902లో వందలసార్లు గ్లైడర్ నడిపి వారు ఈ నేర్పు సాధించారు. లాంగ్లీ పైలట్‌కు అలాంటి సాధన లేదు.

డిసెంబరు 17న, నార్త్ కరోలినాలోని కిట్టీహాక్ సమీపంలో, కిల్ డెవిల్ హిల్స్ ఇసుకనేలపై ఆర్విల్ 12 సెకన్లలో 120 అడుగులు ఎగిరాడు. సెకనుకు 10 అడుగులు, అంటే గంటకు 11 కిలోమీటర్లు. మనం పరుగెత్తే వేగమే కదా! అయితే ఎదురుగాలి గంటకు 35 కిలోమీటర్లకు పైగా వీస్తోంది. ఈ రెండూ కలిపితేనే రెక్కలను తాకే గాలి వేగం వస్తుంది. లిఫ్ట్ ఆధారపడేది దానిమీదే. అదే రోజు నాలుగోసారి విల్బర్ 59 సెకన్లలో 852 అడుగులు ఎగిరాడు. ఆ తరువాత నేలమీద ఉన్న విమానాన్ని ఈదురుగాలి పల్టీ కొట్టించింది. అది మళ్లీ ఎగరలేదు.

నేటి విమానాల్లో రెక్కలను మెలితిప్పరు. రెక్కల వెనుక అంచున ఉండే ఐలరాన్లు ఆ పని చేస్తాయి. మూడు దిశల్లోనూ అదుపు ఉండాలన్న సూత్రం మాత్రం ఈనాటికీ మారలేదు.