చెప్పకుండ పని మానినవాని జీతపు బాకీ

ఇటీవల ఒక గ్రామసభలో కార్మిక చట్టములనుగూర్చిన ప్రసంగము ముగిసిన పిమ్మట ఒక వృద్ధుడు లేచి యొక ప్రశ్న వేసెను. ఆయన కుమారుడు పట్టణమున ఒక కర్మాగారములో ఆరేండ్లకు పైగా పనిచేసినాడు. తల్లికి జబ్బుచేసినదని కబురు రాగా రాత్రికి రాత్రి బస్సెక్కి యింటికి వచ్చివేసినాడు. ఎవరికిని చెప్పలేదు, కాగితము వ్రాసి యియ్యలేదు. నెల దాటిన తరువాత జీతముకొరకు పోగా, “చెప్పకుండ పోయినవానికి జీతమేమిటి?” అని గుమాస్తా గేటువద్దనే త్రిప్పి పంపినాడట. “అయ్యా, ఆ డబ్బు పోయినట్లేనా?” యని ఆ పెద్దమనిషి అడిగెను.

పోలేదు. ఏడాది నిండకముందే పని మానిన పాలేరునకు గింజలు కొలువనక్కరలేదను మాట పూర్వము పల్లెలలో వినబడుచుండెడిది. ఆ తలంపే నేటికిని కొందరి మనస్సులలో మిగిలియున్నది. యజమానులలోనే కాదు, పనివారిలోను ఉన్నది. చెప్పకుండ పోవుట క్రమశిక్షణకు సంబంధించిన తప్పు కావచ్చును. కాని చేసిన పనికి రావలసిన కూలి అప్పటికే పనివాని సొత్తైనది. ఆ తప్పునకు శిక్షగా ఈ సొత్తును మొత్తముగా పట్టుకొను హక్కు ఎవరికిని లేదు.

1936వ సంవత్సరపు వేతన చెల్లింపు చట్టము, యజమానియే పనివానిని తొలగించినప్పుడు రెండవ పనిదినము ముగియులోపల జీతము చెల్లింపవలెనని విధించినది. తనంతట తాను మానినవానినిగూర్చి అందు అంత స్పష్టత లేకుండెను. దాని స్థానమున వచ్చిన 2019వ సంవత్సరపు వేతనముల స్మృతి, 2025 నవంబరు 21వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. దీని ప్రకారము తొలగింపబడినవారికే గాక రాజీనామా యిచ్చినవారికి సైతము రెండు పనిదినములలో జీతపు బాకీ చెల్లింపవలెను. కావున చెప్పకుండ వచ్చినవాడు చేయదగిన మొదటి పని, ఆలస్యమైనను సరే, రాజీనామా లేఖ వ్రాయుట. ఏ తేదీవరకు పనిచేసినది, ఏ కారణమున రావలసివచ్చినది, ఏయే మొత్తములు రావలసియున్నవి అందు వ్రాసి, స్పీడుపోస్టులో పంపి, రసీదును లేఖ నకలును భద్రపరచుకొనవలెను. నోటిమాటగా అడుగుటవలన గేటుదాటి లోపలికి పోవు సాక్ష్యము ఏదియు పుట్టదు.

రావలసినదానిని లెక్కకట్టుట చాలమందికి తెలియదు. ఆ యువకుని నెల జీతము మూలవేతనము, కరవుభత్యము కలిపి 15,600 రూపాయలనుకొందము. దానిని 26తో భాగించిన దినమునకు 600 రూపాయలగును. కడపటి మాసమున 16 దినములు పనిచేసియున్నచో 9,600 రూపాయలు జీతముక్రింద రావలెను. కర్మాగారములలో 20 దినముల పనికి ఒక దినము చొప్పున జీతముతో సెలవు లభించును. వాడుకొనని సెలవునకు, పని మానినవానికి సైతము, డబ్బు ముట్టవలెను. అట్టి సెలవు 8 దినములు మిగిలియుండిన 4,800 రూపాయలు.

అన్నిటికంటె పెద్ద మొత్తము గ్రాట్యుటీ. దీనినే మనవారు తరచుగా మరచిపోవుదురు. పదిమందియో అంతకు మించియో పనిచేయు సంస్థలో అయిదేండ్లు ఎడతెగక పనిచేసినవానికి ఏడాదికి 15 దినముల వేతనము చొప్పున ఇది లభించును. కడపటి యేట ఆరు మాసములకు మించిన కాలమును పూర్తి సంవత్సరముగా లెక్కింతురు. ఆరేండ్ల ఏడు మాసములు పనిచేసిన ఈ యువకునకు ఏడేండ్ల లెక్క వచ్చును. 600ను 15తోను, 7తోను హెచ్చించిన 63,000 రూపాయలు! ఇంత మొత్తమును గుమాస్తా గద్దింపునకు వదలుకొని వచ్చినాడన్నమాట. నిర్ణీత కాలపు ఒప్పందముపై పనిచేయువారికి 2020వ సంవత్సరపు సామాజిక భద్రతా స్మృతి ప్రకారము ఒక సంవత్సరము నిండినను గ్రాట్యుటీ కలదు. సంస్థ ఆస్తిని ధ్వంసముచేయుట, దౌర్జన్యము, నైతిక పతనముతో కూడిన నేరము వంటి కారణములచే తొలగింపబడినప్పుడే దీనిని ఆపుటకు అవకాశము. చెప్పకుండ ఇంటికి పోవుట ఆ జాబితాలో లేదు. 30 దినములలో చెల్లింపనిచో వడ్డీయు కలిసివచ్చును.

ప్రావిడెంటు ఫండు సంగతి వేరు. అది యజమానివద్ద లేదు. పనివాని పేరిట నిధిలో నున్నది. యూఏఎన్ అను 12 అంకెల సంఖ్య తెలిసియుండిన, క్రొత్త ఉద్యోగమునకు మార్చుకొనవచ్చును. పని మానిన తేదీని యజమాని నమోదు చేయనిచో, కడపటి చందా పడిన రెండు మాసముల పిమ్మట పనివాడే తన ఖాతాలో నమోదు చేసికొనవచ్చును.

ఇక కోతల మాట. రాని దినములకు జీతము కోయవచ్చును, అంతియే. నోటీసు కాలపు జీతము పట్టుకొందుమని యజమాని అన్నచో, ఒప్పందమున ఆ షరతు ఉన్నదేమో, చట్టము దానిని అంగీకరించునో లేదో చూడవలెను. నష్టము కలిగెనని కోయుటకు ముందు, అది పనివాని నిర్లక్ష్యమువలననే కలిగెనని తేలవలెను. అతని సమాధానము వినవలెను. అన్ని కోతలు కలిపియు ఆ కాలపు వేతనములో సగమునకు మించరాదు. మేస్త్రీ ద్వారా పనికి పోయినవారు మరియొకటి తెలిసికొనవలెను: మేస్త్రీ ఎగవేసినచో సంస్థ యజమానియే ఆ కూలి చెల్లింపవలసియుండును. మేస్త్రీ ఫోను ఎత్తుట మానివేసినాడని కూర్చుండవలదు.

ఇటుకబట్టీలకు, దూర ప్రాంతపు పనులకు అడ్వాన్సు తీసికొని పోవువారి బాధ మరింత గాఢమైనది. “అడ్వాన్సు తీరలేదు, కదలరాదు” అని బెదరింతురు. దారిఖర్చులకై పనికి ముందు ఇచ్చిన అడ్వాన్సును కూలినుండి పట్టుకొనరాదని చట్టము. అప్పు పేరిట మనిషిని నిర్బంధించి పనిచేయించుట 1976వ సంవత్సరపు వెట్టిచాకిరి నిర్మూలన చట్టము క్రింద నేరము. అట్టిచోటినుండి చెప్పకుండ వచ్చివేయుటయే సరియైన పని యని ఈ వ్యాసకర్త అభిప్రాయము. వచ్చినపిమ్మట తహసీలుదారునకో కలెక్టరునకో వ్రాతమూలకముగా తెలుపవలెను.

లేఖకు జవాబు రానిచో కార్మికశాఖ కార్యాలయమున దరఖాస్తు ఇయ్యవలెను. పనివాడు గాని, రిజిస్టరైన కార్మిక సంఘము గాని ఇయ్యవచ్చును. గడువు మూడేండ్లు. పాత చట్టమున ఇది 12 మాసములే. జీతము చెల్లించితినని ఋజువు చేయు భారము యజమానిదే. ఇయ్యలేదని ఋజువు చేయవలసిన పని కార్మికునకు లేదు. ఐనను హాజరుపట్టీ ఫోటో, జీతము జమపడిన బ్యాంకు పాసుపుస్తకము, గుర్తింపుకార్డు చేతనుండిన పని త్వరపడును. అధికారి బాకీతోపాటు పదిరెట్లవరకు నష్టపరిహారము విధింపగలడు. అప్పటికిని చెల్లింపనిచో భూమిశిస్తు బకాయివలె కలెక్టరు వసూలు చేయును. ఈ పద్ధతి యెంతటిదో మన రైతులకు వేరుగా చెప్పనక్కరలేదు. వకీలు అవసరమైనచో, పారిశ్రామిక కార్మికులకు, స్త్రీలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి న్యాయసేవాధికార సంస్థలు ఉచితముగా ఏర్పాటుచేయును.

సభ ముగిసిన రాత్రియే ఆ వృద్ధుని కుమారుని పిలిపించి పంచాయతీ కార్యాలయపు బల్లపై లేఖ వ్రాయించితిమి. తాను పని మానిన తేదీ అతనికి సరిగా గుర్తులేదు. తల్లిని ఆసుపత్రిలో చేర్చిన చీటీ తెచ్చి దానిమీది తేదీకి ముందటి దినముగా వేసినాడు. పాసుపుస్తకములో జమలు వరుసగా నున్నవి. మరునాడు ఉదయము పోస్టాఫీసు తెరువగానే లేఖ పంపి, రసీదును తండ్రి చేతికిచ్చినాడు.